పేరు లేని ప్రార్థన

మంగళవారం, జనక్‌పురి

సునీల్‌కి ఈరోజూ బెయిల్ రాలేదు. గ్రేటర్ నోయిడాలో కాలేజీ హాస్టల్ నుంచి ఉగ్రవాద చట్టం కింద పట్టుకెళ్లారు. విచారణ ఇంకా మొదలే కాలేదు. ఆరోపణలు పైకి నిజమనిపిస్తే చాలు, ఈ చట్టం కింద బెయిల్ ఇవ్వకూడదు.

ఒకప్పుడు బాంబు పేలిన ఒక బజారు నుంచి విలేకరిగా నేనూ వార్తలు రాశాను. ఇలాంటి చట్టమే వద్దని అనలేను. సునీల్ నిర్దోషో కాదో నాకు తెలియదు. తేల్చాల్సినవాళ్లు తేల్చడం లేదు.

సునీల్ వాళ్లమ్మ మరియమ్మక్క ఆసుపత్రి నుంచి నర్సు యూనిఫాంలోనే కోర్టుకు వచ్చింది.

"చర్చిలో వాడి పేరు చెప్పి ప్రార్థన చేసేవారు తమ్ముడూ. పోలీసులొచ్చి అడిగెళ్లాక, ‘కష్టంలో ఉన్న ఒక కుటుంబం’ అంటన్నారు. ఏమంటాం? పాస్టర్ గారికీ పిల్లలున్నారుగా."

"సునీల్‌కి తెలుసా?"

"జైల్లో చూడ్డానికి ములాఖత్‌కి వెళ్తే ముందు అదే అడుగుతాడు, చర్చిలో నా పేరు చదువుతున్నారా అని. చదువుతున్నారనే చెప్తన్నాను."

వార్తలో సునీల్ పేరు రాయనా అని అడిగాను.

"వద్దయ్యా. వాడి తమ్ముడున్నాడుగా, చిన్నోడి ఉద్యోగం పోద్ది."

‘గ్రేటర్ నోయిడా విద్యార్థి’ అని రాసి పంపాను. మా పేపరు జైలుకూ వెళ్తుంది. సునీల్ రోజూ చదువుతాడని అక్కే చెప్పింది.