కారవాన్ నేల మీద ఆరు బీరు పీపాలు

గెథిన్,

రేపు సాయంత్రం దాకా కారవాన్‌లో కాలు పెట్టకు. మెత్తబడ్డ ప్లైవుడ్ నేలకి రంధ్రాలు వేసి, లోపల జిగురు పోసి, చెక్క బిరడాలు బిగించాను. అది గట్టిపడేదాకా పైన బరువు ఉండాలట. నువ్వు పులియబెట్టిన బీరు పీపాలు ఆరూ పెట్టేశాను. ఇంట్లో అంతకన్నా బరువైనవి ఏవీ దొరకలేదు.

వాటిల్లోంచి ఒక్క గ్లాసు కూడా వంపకు. బరువు తగ్గితే చెక్క పైకి లేస్తుంది, శనివారం కారవాన్ని కారుకి తగిలించుకుని సముద్రతీరానికి వెళ్లడం అటకెక్కుతుంది. పక్కింటి ఇవాన్ వచ్చి "కాస్త రుచి చూద్దాం రా" అంటాడు. ఒక్కో పీపా మీద బీరు ఎక్కడిదాకా ఉందో గీత గీశానని చెప్పు. నిజంగానే గీశాను.

నేల స్పాంజిలా దిగుతోందని మూడేళ్లుగా మొత్తుకుంటుంటే, "నేలకేం, దివ్యంగా ఉంది. నువ్వే కాస్త ఒళ్లు చేశావు" అన్నావు. ఇవాళ తేలిపోయింది. నేను నిలబడే పొయ్యి దగ్గర నేల రాయిలా ఉంది. పొరలు విడిపోయింది నువ్వు నిలబడే సింకు ముందు!

ఫోటో తీసి మీ చెల్లెలికి పంపబోయాను. అంతలో గుర్తొచ్చింది, పద్దెనిమిది వేసవులు అక్కడ నిలబడి గిన్నెలన్నీ కడిగింది నువ్వొక్కడివేనని. పంపలేదు. అక్కడ ఇంకో గ్లాసు జిగురు ఎక్కువే పోశాను.

మా పాటల బృందం బస్సు వచ్చేసింది. రేపు వస్తాను.

మెరెరిద్

మరిచాను, నీ చెప్పుల కోసం ఇల్లంతా వెతక్కు. బరువు పెట్టగానే జిగురు పొంగి, సింకు ముందున్న వాటిని నేలకి అతికించేసింది. ఇక నువ్వు వాటిల్లో కాళ్లు పెట్టడమే తరువాయి.