తాబేలు తల బయటపెట్టిన వారం

30 జులై 2003, బుధవారం. రాజమండ్రి. పుష్కరాల మొదటి రోజు.

నీ నోటికి యజమానివి నువ్వా, నీ నాలుకా? అటూ ఇటూ చూడకు, ఈ డైరీ తెరిచిన నిన్నే అడుగుతున్నాను!

నేను మాత్రం ఇవాళ తేల్చేసుకున్నాను. యజమానిని నేనే!

ఘాట్ పక్కన షామియానా. మైకు ముందు నేను. నాకు ఏ గురువూ శ్లోకం చెప్పలేదు. చేలగట్టు మీద కూర్చుని, అట్ట ఊడిన పుస్తకంలోంచి నాకు నేనే నేర్చుకున్నాను. గీత రెండో అధ్యాయం ఎత్తుకున్నాను. పరమాత్మ అర్జునుడితో ఏమన్నాడు? తాబేలు తలనీ కాళ్ళనీ డిప్పలోకి లాక్కున్నట్టు మనిషి ఇంద్రియాలను లోపలికి లాక్కోవాలన్నాడు!

"కాశీకి వెళ్ళి ఏం వదులుతున్నారయ్యా మీరు?" అని గర్జించాను. "ఇష్టమైనది వదలమంటే ఏనాడూ తినని కాకరకాయ వదిలి వస్తున్నారు! గంగమ్మనే మోసం చేస్తారా?"

జనంలోంచి ఒక గొంతు. "మరి తమరేం వదిలారండి?"

ఆవేశం పొంగింది. "చుట్ట వదిలేశాను! గోదారి సాక్షిగా!" జేబులోని లంకపొగాకు చుట్టల కట్ట నీళ్ళలోకి విసిరాను. చప్పట్లు!

"మరి బీరో?"

"బీరూ వదిలేశాను!" ఇంకా చప్పట్లు! (ఆ సంగతి వీడికెలా తెలిసింది?)

"పులస కూడానా అండి? సీజనండి మరి."

చప్పట్ల మత్తు అన్నిటికంటే చెడ్డది. "పులస కూడా!" అనేశాను.

చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు ఒత్తుకున్నాడు.

అప్పుడు లేచాడు పెదబాబు. యానాం దగ్గర పడవ మీద చేపలు పట్టేవాడు. "గురువుగారు మూడొదిలేరండి. నేను మందొక్కటొదల్లేనేంటండి?" అన్నాడు. వెనకే అతని భార్య తలుపులమ్మ లేచింది. మందు బాధ పడలేక పుట్టింటికి వెళ్ళిపోయిన మనిషి. పుష్కరస్నానం దంపతులు కలిసి చెయ్యాలని ఈ ఒక్క పూటకీ వచ్చిందట.

"సూడండయ్యా, ఈయన ఇలాటి ఒట్లు సానా ఏసేడు. తవరు నిలబడితే ఈయనా నిలబడతాడు. ఏడో తారీకు యానాంలో తవరి సభంట కదా, ఆడికొచ్చి ఇద్దర్నీ సూత్తాను. ఇద్దరూ నిలబడ్డారా, శుక్రారం వరలచ్చిమి పూజ నా ఇంట్లో సేసుకుంటాను. లేదా, మా అమ్మింట్లోనే."

"పసుపూ కుంకుమా సిద్ధం చేసుకో తల్లీ!" అన్నాను.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ సూర్యకళ అన్నది ఒక్కటే మాట. "ఏవండీ, ఆ కాకరకాయేదో వదలొచ్చు కదా?"

31 జులై, గురువారం. ఆత్రేయపురం.

ఊరూరా చెప్పుకుంటూ యానాం దాకా యాత్ర. మోపెడ్ మీద ముందు నేను. తన ఊరూ అటేనని తోడొచ్చిన పెదబాబు వెనక, అతని ఒళ్ళో లౌడ్ స్పీకరు. "మిమ్మల్నొదిల్తే పడిపోతానండి, ఆయ్" అని నా భుజం పట్టుకు కూర్చున్నాడు.

వదిలినవి: చుట్ట, బీరు, పులస.
వదలనివి: మిగిలిన సృష్టి యావత్తూ.

ఎంత తేలిక! అర్ధగంట సేపు చుట్ట గుర్తే రాలేదు!

భోజనమయ్యాక చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్ళింది. యాలకులు. సూర్యకళ పెట్టింది. నమిలాను. యాలకులు చుట్ట కావు.

పూతరేకులు తెచ్చి పెట్టారు. కాగితంలాంటి పొర, లోపల నెయ్యి, బెల్లం. ఒకటి తీసుకున్నాను. పొడుగ్గా ఉంది. మడతలు మడతలుగా చుట్టి ఉంది. వేళ్ళ మధ్య చక్కగా ఇమిడింది.

"గురువుగారండి, పూతరేకుని పీలుత్తన్నారేంటండి?" అన్నాడు పెదబాబు.

తినేశాను. అలాంటివే ఇంకొన్ని తిన్నాను. పూతరేకు వదిలానని నేనెక్కడా అనలేదు.

సభ అదిరింది!

2 ఆగస్టు, శనివారం. కొత్తపేట.

ఉదయం 5: పెరట్లోకి వెళ్ళాను. ఫలితం లేదు.
6: మళ్ళీ వెళ్ళాను. లేదు.
7: పొద్దున్నే ఒక చుట్ట వెలిగించనిదే కడుపు కదలదన్న సంగతి గోదారి సాక్షిగా ఆలోచించాల్సింది. లోపల పూతరేకులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కూర్చున్నాయి.

సాయంత్రం సభ. ఘోరం! నరకాసురుణ్ణి తిడుతున్నాను, వినేవాళ్ళకు జోలపాటలా ఉంది. నా గొంతులో ఉండే గరగర మాయమైంది! ముందు వరస ఆవులించింది. వెనక వరస ఒరిగింది. మైకు సెట్టు దగ్గర పెదబాబు గురక మైకులోంచి వినిపించింది.

"మంచి ఉపన్యాసవండి" అన్నాడు తరవాత. "మందు మానేసినకాణ్ణించీ నిద్దరట్టట్లేదండి. ఇయ్యాలే పట్టింది."

ఆ గరగర నాకు చుట్ట ఇచ్చిన వరం. అంటే ధర్మప్రచారం కోసం చుట్ట... లేదు, లేదు. రాయను. పై వాక్యం కొట్టేసినట్టే లెక్క.

3 ఆగస్టు, ఆదివారం. ముక్తేశ్వరం.

ఆతిథ్యం కొబ్బరితోటల దొరబాబుగారిది. వీధి మలుపులోనే వాసన తగిలింది. మట్టికుండ. పుల్లల పొయ్యి. నిన్న వండి, ఇవాళ్టిదాకా ఊరనిచ్చిన పులస పులుసు!

"సత్యంగారూ, మీ ఒట్టు సంగతి తెలియక తెప్పించేశానండి. తమరికి ఆనపకాయ పప్పు వండిస్తానుండండి" అన్నారు దొరబాబుగారు.

"అలాగే" అన్నాను. వెళ్ళి కుండకు దగ్గరగా కూర్చున్నాను.

పెదబాబు చేతులు కడుక్కుని సిద్ధం. "నేనొదిలింది మందొక్కటేనండి. పులస్ని ఎందుకొదులుతానండి, పట్టేవోణ్ణి!"

12.30: పులుసులో బెండకాయలు కనిపించాయి. బెండకాయ శాకాహారం. రెండు వడ్డించుకున్నాను.

12.40: బెండకాయను అంటిపెట్టుకుని కాస్త పులుసు వచ్చింది. పులుసంటే చింతపండు. చింతపండు చెట్టుకు కాస్తుంది.

12.50: ఒక సూక్ష్మం తట్టింది. పులస సముద్రంలోంచి వచ్చి గోదారి వరదకు ఎదురీదుతుంది. ప్రవాహానికి ఎదురీదేవాడే ధీరుడు. ధీరుణ్ణి ఆకు అంచున వదిలేస్తే అవమానం.

12.55: "గురువుగారండి, బెండకాయకి ముల్లుందేంటండి?"

"ముదురు బెండకాయ" అన్నాను.

సాయంత్రం: జారింది ఒక్క మెట్టే. అదీ అతిథిమర్యాద కోసం. మిగిలిన రెండు మెట్ల మీద కొండలా నిలబడ్డాను. సభలో కూడా అదే చెప్పాను, మెట్ల సంగతి తప్ప.

5 ఆగస్టు, మంగళవారం. కోటిపల్లి.

పంటు పడవ మీద గోదారి దాటాం. రేవు దగ్గర పాకలో చిట్టెమ్మ చుట్టలు చుట్టి అమ్ముతుంది. పండు ముసలి. తాను కాల్చేది అడ్డపొగ. అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో, చల్లటి వైపు బయట! పెదాలు మూసుకుని హాయిగా పొగ తాగుతూ, మధ్యలో బేరం కూడా చేస్తోంది. తలనీ కాళ్ళనీ కాదు, నిప్పునే లోపలికి లాక్కున్న తాబేలు! సిద్ధురాలు! రెండు చేతులూ జోడించాను.

"ఒకటట్టుకెల్లు నాయనా" అంది.

"వదిలేశానమ్మా."

"కాల్సమన్నానా? వాసన సూసుకో."

వాసన చూడ్డం ఒట్టులో లేదు. ఆ చుట్ట తీసుకుని పుస్తకం రెండో అధ్యాయంలో గుర్తుగా పెట్టుకున్నాను. ఇప్పుడు తాబేలు శ్లోకం వెతుక్కోకుండానే దొరుకుతోంది. ఇవాళ ఎనిమిదిసార్లు తీసి చదివాను.

6 ఆగస్టు, బుధవారం. యానాం.

ఇది పాండిచ్చేరి గడ్డ, మందు చవక. వీధికి ఇటు సీసాలు, అటు సీసాలు. కళ్ళు మూసుకుని మోపెడ్ నడపడం కుదరదు కదా.

సభ పెట్టిస్తున్న బుజ్జిబాబుగారి ఇంట్లో బస. పెదబాబు మైకు దింపడానికి వెళ్ళగానే ఆయన గుసగుసగా అన్నారు. "పొద్దున్నే ఫ్రిజ్జులో పెట్టించానండి. పోయిన ఏడాది రెండు సీసాలు పడ్డాకే కదండీ, తమరు విశ్వరూపం బ్రహ్మాండంగా చెప్పారు!"

ఉక్కపోత. ఆలోచించాను. బీరు దేనితో చేస్తారు? యవలతో, అంటే బార్లీతో. యవలు హోమంలో వేస్తాం. అగ్నిహోత్రంలో వేస్తే పుణ్యమైనది జఠరాగ్నిలో వేస్తే పాపమా? ఏ శాస్త్రంలో ఉంది?

ఇత్తడి చెంబులో పోయించుకున్నాను. చల్లదనం. చేదు. వరదగోదారి అంచున ఉండే నురగలాంటి నురగ. మీసం మీద ఆ నురగ ఆరకముందే పెదబాబు వచ్చేశాడు!

"ఏంటండి అది?"

"బార్లీ నీళ్ళు. ఒంట్లో వేడికి."

"నాకూ ఒళ్ళు కాలిపోతందండి. ఓ గుక్కిత్తారేంటి?"

చెయ్యి చాపి నిలబడ్డాడు. ఇస్తే వాడు పోతాడు. వాడితో తలుపులమ్మ పూజ పోతుంది. ఇది బీరురా అని చెబితే నేను పోతాను. దారి ఒక్కటే! చెంబు ఎత్తి గడగడా మొత్తం తాగేశాను.

"అయిపోయింది నాయనా."

"ఆడ ఇంకో సీసా బార్లీ నీళ్ళున్నాయి కదండీ?"

అదీ తాగేశాను. వాడి కోసం! గరళం మింగిన శివయ్య బాధ ఇవాళ తెలిసింది. మూడో సీసా వాడు అడగలేదు. అడుగుతాడేమోనని ముందుజాగ్రత్తగా తాగాను.

7 ఆగస్టు, గురువారం. యానాం. సభ రోజు.

ఉదయం: తలలో డప్పులు. కడుపు కదలదు. గొంతు పెగలదు. ఇలాగే వెళ్తే యానాం అంతా నిద్రపోతుంది. తలుపులమ్మ కోసమైనా గొంతు కావాలి! పుస్తకం తెరిచాను. రెండో అధ్యాయం. తాబేలు పక్కన చుట్ట.

పెరట్లో కొబ్బరికాయల రాశి వెనక వెలిగించాను. ఒక్క దమ్ము! కడుపు, గొంతు, ప్రాణం, మూడూ ఒక్కసారే లేచి కూర్చున్నాయి.

"గురువుగారండీ! మా ఆడది వచ్చేసిందండీ!" పెదబాబు. రాశికి అవతలే!

పారేస్తే పొగ కనిపిస్తుంది. చిట్టెమ్మ గుర్తొచ్చింది. చుట్ట తిప్పి, నిప్పు లోపల పెట్టి, పెదాలు మూశాను.

ఆ విద్యకు ఒక జీవితం సాధన కావాలి.

"నోరు మూసుకున్నారేంటండి?" అన్నాడు పెదబాబు. నవ్వాను. ముక్కులోంచి పొగ వచ్చింది.

సాయంత్రం: కిక్కిరిసిన జనం. మైకు ముందు నిలబడ్డాను. నాలుక వంకాయలా ఉంది. "తా" అన్నాను. "బేలు" రాలేదు.

తలుపులమ్మ వేదిక ఎక్కింది. ముందు మొగుడి నోరు వాసన చూసింది. తల ఊపింది. తరవాత నా ముందుకు వచ్చింది.

"నాలిక సాపండయ్యా."

చాపాను. ఏం చేస్తాను?

"ఓలమ్మో, అడ్డపొగ! మా అమ్మ కాల్సేదే. కొత్తల్లో ఆవిడికీ ఇలాగే బొబ్బెక్కింది. ఎందుకయ్యా తవరికీ ఆడోళ్ళ ఇద్దె?" జనం గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. "ఇద్దరూ నిలబడాలన్నాను. ఒక్కరే నిలబడ్డారు. ఈ ఒక్కరు ఎన్నాళ్ళులే" అని కొంగు దోపుకుని మెట్లు దిగుతోంది. పుట్టింటి వైపు.

పెదబాబు మైకు లాక్కున్నాడు. "ఆగవే! అందరికీ నమస్కారవండి. నిన్న గురువుగారు బీరు తాగుతుంటే ఓ గుక్కడిగానండి. బీరు నాకు తెలీదేంటండి? ఇత్తే తాగేద్దారనే అడిగాను. ఇవ్వలేదండి! కళ్ళు తేలేత్తన్నా సరే మూడు సీసాలూ ఆరే ఎత్తేసేరు గానీ నాకు సుక్కివ్వలేదు. నన్ను అలాగ ఆపినోడు ఎవడున్నాడండి?"

తలుపులమ్మ ఆగింది.

"ఇంక తాబేలు సంగతండి. నా వల్లో పడతా ఉంటాది. ముట్టుకుంటే తల లోపలికెట్టేసుద్ది. కాసేపుంటే మళ్ళీ తీసుద్ది. మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ ఎట్టేసుద్ది. ఇందాక తీసేనే అని సిగ్గుపడి, బయటే ఒదిలేసి కూకోదండి. అంతేనండి, ఆయ్."

ఇరవై ఏళ్ళుగా ఆ శ్లోకం చెబుతున్నాను. అంత చప్పట్లు నాకు ఏనాడూ పడలేదు.

తలుపులమ్మ మళ్ళీ మెట్లెక్కి మొగుడి దగ్గరికి వచ్చింది. "రేపు తెల్లారే అరిటాకులు కోసుకురా" అంది. తరవాత నాతో, "తవరూ రండయ్యా. పరవాన్నం సల్లారబెట్టి ఎడతాను. తాంబూలం మాత్రం అడక్కండి, సున్నం మండుద్ది."

8 ఆగస్టు, శుక్రవారం. పెదబాబు ఇల్లు.

పూజ అయింది. తలుపులమ్మ తన ఇంట్లో, తన పీట మీద కూర్చుని చేసుకుంది. పరమాన్నం చల్లగా, మెత్తగా దిగింది. దేవుడున్నాడు. పెరట్లో ఫలితం కూడా కనిపించింది.

మళ్ళీ యాత్ర. ఇవాళే, ఇటునుంచి రాజమండ్రి దాకా. చుట్ట లేదు. బీరు లేదు. పులస లేదు, బెండకాయ పేరుతో కూడా లేదు. "నువ్వే ముందు కూర్చుని నడుపు పెదబాబూ, ఇప్పుడు గురువువి నువ్వు" అని సైగ చేశాను. ఒప్పుకోలేదు.

"మీరే ముందుండండి. ముందున్నోడు ఏం సేత్తన్నాడో ఎనకోడికే కనపడుద్దండి."

మోపెడ్ స్టార్ట్ చేసి రాస్తున్నాను. బొబ్బెక్కింది నాలుక, నా పెన్ను కాదు. కనుక విను! నువ్వూ ఏదో వదిలావు, మళ్ళీ పట్టుకున్నావు, సిగ్గుతో తల బయటే వదిలేసి కూర్చున్నావు. నాకు తెలుసు! సోమవారం నుంచి అనకు. ఒకటో తారీకు అనకు. వచ్చే పుష్కరం అసలే అనకు, పన్నెండేళ్ళు! ఆ చేతిలోది కింద పెట్టు. ఇవాళే, ఈ పేజీ మూసేలోపే, తల లోపలికి లాగు!