ఎర్మెలిందా ఇల్లు కొండ ఎక్కాలి

దొమిత్రియో కార్కమో అనే నేను, పువెర్తో కాయెన్ రేవు నివాసిని, వడ్రంగిని, భార్య పోయినవాడిని, ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. మతి చెడలేదు. తాగి లేను. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. బడికి వెళ్లింది చలికాలాల్లోనే, అదీ పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని. అక్షరాలు వంకరగా ఉంటే చదివేవాళ్లే తల వంచుకుని చదువుకోవాలి. ఇంతకుముందు ఏ కాగితం మీద ఏం ఒప్పుకున్నా అది చెల్లదు. ఇదే చెల్లుతుంది. దీన్ని అమలు చేయవలసింది నా కూతురు ఒతీలియా. కొడుకులు కాదు.

ఒకటి. నన్ను నా భార్య ఎర్మెలిందా పక్కన పాతిపెట్టాలి. పెట్టె నేనే చేసి పాకలో ఉంచాను. సమాధి దగ్గర మేయరు మాట్లాడకూడదు. రేవు మెట్లకు దీపం కావాలని ఎర్మెలిందా అడిగితే, "మీ సేవకు గుర్తుగా" అంటూ ఇత్తడి పలక చేతిలో పెట్టినవాడు ఆయన. దాన్ని ఆమె వేడి గిన్నెల కింద వాడుకుంది. ఆ పలక ఒతీలియాకు. గిన్నెల కిందకు బాగా పనికొస్తుంది.

రెండు. ఒడ్డున ఉన్న స్థలం నా కొడుకులు బెర్నార్దో, నెల్సన్‌లకు చెరి సగం. హోటల్ కట్టే ఆసామికి అమ్ముతామన్నారు. అమ్ముకోండి, అడ్డం రాను. అయితే అమ్మేది నేల మాత్రమే. హోటల్ ఆసామి వెంట వచ్చిన లాయరు నా గుమ్మం మీద చెయ్యి వేసి, "స్థలంతో పాటే ఇల్లు కూడా వస్తుంది పెద్దాయనా, అదేమన్నా నడిచిపోతుందా" అన్నాడు. మా ఊళ్లో ఇళ్లు నడుస్తాయి. చెక్క ఇళ్లు కదా, అడుగున దుంగలు తోసి, ఎద్దులను కట్టి, ఊరంతా కలిసి లాగితే పొయ్యితో సహా నడుస్తాయి. రాజధానివాడికి తెలియకపోతే తప్పు లేదు. ఇక్కడే పుట్టిన నా కొడుకులు వాడి పక్కన నిలబడి తల ఊపారు. అది తప్పు.

మూడు. ఇల్లు బయటి దీవుల నుంచి కాన్పుకు వచ్చే ఆడవాళ్లకు. ఆస్తిలో చట్టం నా ఇష్టానికి వదిలిన వాటాలోంచి ఇది ఇస్తున్నాను. హక్కు ఊరి సంఘానిది, తాళంచెవి ఒతీలియాది.

కారణం అందరికీ తెలిసినా రాస్తాను. మా మొదటి బిడ్డ పడవలోనే పుట్టింది, రేవు కనపడేలోగా పోయింది. అప్పట్లో మాదీ బయటి దీవే. ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకున్నాక ఎర్మెలిందా, "నెలలు నిండిన ఆడమనిషి పడవ దిగితే మన తలుపే తట్టాలి. తట్టకుండా పోయిందా, నా పరువు పోయినట్టే" అంది. వాళ్లు నొప్పులు వచ్చేదాకా మా మంచాల మీద పడుకున్నారు, మా పిల్లలు నేల మీద పడుకున్నారు. ఒకసారి నెల్సన్ ఉక్రోషంగా, "అమ్మా, నీకు పుట్టింది మేమా, వాళ్లా?" అన్నాడు. ఆమె, "నువ్వు నాకు పుట్టావు కాబట్టే నేల మీద పడుకోమంటున్నానురా. పరాయివాడివైతే మంచం ఇచ్చేదాన్నే" అంది. ఆ నెల్సన్‌నే, బురదలో కాళ్లు తడుస్తాయని, బడికి వీపున మోసుకెళ్లేది. పంతులు నవ్వినా దించలేదు. వాడు మరిచిపోయి ఉంటే ఇది చదివి గుర్తు తెచ్చుకోవాలి.

ఆమె పోయింది. తలుపు ఇంకా తడుతూనే ఉన్నారు. నేను పొయ్యి రాజేస్తాను, దుంపల పులుసు మాడుస్తాను, పాపం తింటారు. ఆసుపత్రేమో కొండ మీద ఉంది. నొప్పులు పడుతూ వానలో ఆ దారి ఎక్కడం నా కళ్లతో చూస్తున్నాను. ఈ ఇంటి కోసం ఆసుపత్రి పక్క జాగాను సంఘం చేత ఇప్పించింది ఎర్మెలిందాయే. ఇల్లు అక్కడికి చేర్చే పని నాకు మిగిలింది.

నాలుగు. ~~నేను పోయిన తర్వాత వచ్చే వేసవిలో ఊరివారు ఇంటిని కొండ మీదకు లాగవలెను.~~

ఇది కొట్టేశాను. సాక్షి సంతకానికి వచ్చిన పెద్దావిడ ఫిలోమెనా దీన్ని చదివి పగలబడి నవ్వింది. "ఓరి ముసలోడా! ఇల్లు లాగాలంటే ఇంటాయన గడప గడపకీ వచ్చి నోరు తెరిచి అడగాలి కదా. నువ్వు పెట్టెలోంచి లేచొస్తావా? నీ కొడుకులు అడుగుతారనుకుంటున్నావా?" అంది. నిజమే. మా దగ్గర కాగితం పిలిస్తే ఎవడూ ఎద్దులు కట్టడు. అందుకని రాయడం ఆపి, గడపలు ఎక్కి వచ్చి ఇది రాస్తున్నాను. అందరూ వస్తామన్నారు.

అవెలీనో మాన్సియ్యా సంగతి విడిగా రాయాలి. అంత నిట్టనిలువు దారిలో ముందు నడవగల ఎద్దులు అతనివే. చర్చి కప్పు నేను వేసినప్పుడు జనం ముందు, "పడవలు చేసుకునేవాడికి కప్పు పనేం తెలుసు" అన్నాడు. ఆ కప్పు ఇంతవరకు కారలేదు. ఆ మాట నేను క్షమించలేదు, క్షమించను. అయినా టోపీ తీసి అతని గుమ్మంలో నిలబడి అడిగాను. అతను చేతులు కట్టుకుని నా వెనక సముద్రం చూస్తున్నాడు. లోపలి నుంచి కోడలు, "మామయ్యా, మీ మనవడిని కనడానికి పడవ దిగినప్పుడు నేను ఎవరింట్లో ఉన్నానో చెప్పమంటారా?" అని కేక పెట్టింది. అప్పుడు అవెలీనో, "నీ మొహం చూసి రావట్లేదు. పోయిన ఆ మహాతల్లి కోసం వస్తాను. నా ఎద్దుల దగ్గర నువ్వు అరిచావంటే మాత్రం తాళ్లు వదిలేసి పోతా" అన్నాడు. సరే అన్నాను.

ఐదు. ఎర్మెలిందా దాచిన ఊదారంగు విత్తనపు దుంపలు ఆ కోడలికి. కేక పెట్టినందుకు.

ఆరు. పడవ ఒతీలియాకు. బాడిసె, చిత్రిక, ఉలులు ఇల్లు లాగే రోజు తాడు పట్టిన కొడుక్కి. ఇద్దరూ పడితే ఇద్దరికీ. ఇద్దరూ రాకపోతే అవీ ఒతీలియాకే. మేకు కొట్టడం దానికి వాళ్లకంటే బాగా వచ్చు.

ఏడు. ఇల్లు లాగేది వచ్చే నెల, ఫిబ్రవరి చివరి శనివారం. నేను ఉంటాను. ఒకవేళ లేకపోయినా, బతికుండగా నా నోటితో అడిగాను కాబట్టి ఎవరూ తప్పించుకోవడానికి లేదు. నా శవం ఇంట్లో ఉంటే పక్కింట్లో పెట్టి ముందు ఇల్లు లాగండి. తిండికి లోటు చెయ్యొద్దు: గుంటలో రాళ్లు కాల్చి, వాటి మీద మాంసం, దుంపలు కప్పి ఉడికించే మన 'కురాంతో' విందు చెయ్యండి, పందిని అందుకే మేపాను. బరువు తగ్గడానికి తలుపులు, కిటికీలు ఊడదీస్తారు. కొండ మీద ఇల్లు ఆగగానే కిటికీలు తర్వాత, పాటలు తర్వాత, ఆపిల్ కల్లు తర్వాత. ముందు వీధి తలుపు బిగించండి. ఆ సాయంత్రమే బయటి దీవుల నుంచి పడవ ఉంది. ఎవరైనా దిగొచ్చు.

నోటరీ ఈ దీవికి రాలేదు కనుక, చట్టం అడిగినట్టు అయిదుగురు సాక్షుల ముందు చదివి వినిపించి సంతకం చేశాను.

పువెర్తో కాయెన్, 1994 జనవరి 17

(సంతకం) దొమిత్రియో కార్కమో

సాక్షులు:
ఫిలోమెనా ఉల్యోవా
ఎలియోదోరో వెరా
రైముందా చిగ్వాయ్
తోరిబియో ఆగిలా
అవెలీనో మాన్సియ్యా (వేలిముద్ర)