ఆషాఢంలో బ్యాటరీ

జులై 1, మంగళవారం

ఉదయం. ఈ డైరీ ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఒక్కటే. ఒక వస్తువు గురించి నేను ఒంటరిగా నిర్ణయం తీసుకోబోతున్నాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పెళ్ళికి ముందు కూడా పెద్దగా లేవు, అది వేరే సంగతి.

వస్తువు: నా లాప్‌టాప్. పెళ్ళికి ముందు ఉద్యోగం చేస్తూ కొనుక్కున్నది. తొమ్మిదేళ్ళు నిండాయి. దాని రోగాలు: బ్యాటరీ చచ్చింది, ప్లగ్గులో ఉంటేనే ప్రాణం. మూతని నిలబెట్టే హింజ్ విరిగింది, దేనికైనా ఆనిస్తే తప్ప నిలబడదు. ఆన్ చేశాక కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడుక్కుని రావచ్చు. అప్పటికి తెరుచుకుంటుంది.

తొందరేంటంటే, 15వ తేదీన ఇంటర్వ్యూ! ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కల్లో సందేహాలు తీర్చే ఉద్యోగం. స్క్రీన్ మీద లెక్క చేసి చూపించాలట. ఫోన్‌తో కుదరదు. మా అమ్మాయి సహస్ర ఒకటో తరగతికి వెళ్తోంది. ఆరేళ్ళ తర్వాత నాకు పగటిపూట ఖాళీ దొరికింది. ఎమ్మెస్సీ లెక్కలు పోపుల డబ్బాలో దాచుకుని కూర్చున్నాను ఇన్నాళ్ళూ. ఈ ఉద్యోగం నాకు కావాలి. చాలా కావాలి.

తీర్మానం: బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ఆదివారంలోపు నేనే తేలుస్తాను. ఎవర్నీ అడగను!

సాయంత్రం. మా తణుకు మెయిన్‌రోడ్డులో అశోక్ రిపేరు షాపుకి వెళ్ళొచ్చాను. మూత తెరిచి చూసి, "బ్యాటరీ, హింజ్, హార్డ్‌డిస్క్ మారిస్తే ఇంకో మూడేళ్ళు చూసుకోనక్కర్లేదండి మేడం" అన్నాడు. అయిపోయింది. బాగుచేయించడమే! ఒక్క పూటలో తేల్చేశాను. నాలో ఇంత ఉందని నాకే తెలీదు.

జులై 2, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. అడగలేదు. చెప్పానంతే. అడగడం వేరు, చెప్పడం వేరు.

అత్తయ్యగారు పెరుగు వడ్డిస్తూ ఆగారు. "ఆషాఢంలో కొత్త వస్తువు ఇంట్లోకి తెచ్చుకోకూడదమ్మా."

"కొత్తది కాదండి అత్తయ్యగారూ, పాతదే. బ్యాటరీ అవీ మారుస్తారంతే."

"మార్చే బ్యాటరీ కొత్తదేగా?"

మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన అందుకున్నారు. "పోయిన ఆషాఢంలో నువ్వు పన్ను కట్టించుకున్నావుగా వరహాలక్ష్మీ? అది కొత్త వస్తువు కాదా?"

"అది వైద్యమండీ!"

"ఇదీ వైద్యమే."

అరగంట చర్చ జరిగింది. బ్యాటరీ మందు కిందికి వస్తుందనీ, కొత్త లాప్‌టాప్ అయితే మాత్రం శ్రావణం దాకా ఆగాలనీ తేలింది. అంటే నా నిర్ణయమే నెగ్గింది! మధ్యలో సభ జరిగితే అది నా తప్పు కాదు.

మా ఆయన విశ్వనాథ్ చెయ్యి కడుక్కుని వచ్చి, "తొందరపడకు సుధా. రెండువైపులా లెక్కవేసి చూద్దాం" అన్నారు. ఆయన జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతారు. "అలాగేనండి" అన్నాను.

జులై 4, శుక్రవారం

ఆయన లెక్కవేశారు. నా లాప్‌టాప్‌లోనే. ఖర్చు ఒక వరస, ఆయుష్షు ఒక వరస, తరుగుదల ఒక వరస. రెండు గంటలు. ఆఖరి గడి నింపుతుండగా మావయ్యగారి కాలు వైరుకి తగిలి ప్లగ్గు ఊడింది. పట్టిక మొత్తం పోయింది.

ఆయన కాసేపు నల్లటి స్క్రీన్ వైపే చూశారు. "బ్యాటరీ మార్చాల్సిందే" అన్నారు.

నేను రెండు రోజుల క్రితమే చెప్పానని గుర్తు చేయలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, చాలు.

జులై 6, ఆదివారం

గడువు ఇవాళే. చీర మార్చుకుని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను కూడా.

"ఎక్కడికమ్మా?" అన్నారు మావయ్యగారు.

"అశోక్ దగ్గరికండి. బ్యాటరీ తెప్పించమని చెప్పడానికి."

"అశోక్ ఎందుకూ! రాజమండ్రిలో మా జానకిరామ్ షాపుంది. కంప్యూటర్ సామాన్లన్నీ వాడి దగ్గరే. టెన్త్ లెక్కలు నా దగ్గర నేర్చుకున్నవాడు. గురువారం నేను వెళ్ళి తెచ్చిపెడతాను."

వద్దండి, నేను చూసుకుంటాను అని చెప్పాలని నోరు తెరిచాను. "అలాగేనండి మావయ్యగారూ" అని వచ్చింది. నా నోరు నా మాట వినదు.

సవరణ: గడువు గురువారం. ఇదొక్కసారే.

జులై 10, గురువారం

పొద్దుటి నుంచీ వాన. పాత బ్యాటరీని తువ్వాల్లో చుట్టుకుని మావయ్యగారు బస్సెక్కారు. దారి పొడుగునా ఆయన తడుస్తారేమో అని అత్తయ్యగారికీ, ఏ బ్యాటరీ తెస్తారో అని నాకూ కంగారు.

సాయంత్రం వచ్చారు. చొక్కా ముద్దయిపోయింది. బ్యాటరీ పొడిగా ఉంది. ఇవాళ గురుపౌర్ణమి కదా, జానకిరామ్ షాపు మధ్యలోనే కాళ్ళకి దండం పెట్టాడట. డబ్బులిస్తే చెవులు మూసుకున్నాడట. పైగా ఆత్రేయపురం పూతరేకుల ప్యాకెట్ చేతిలో పెట్టాడట. ఈ కథ రాత్రి దాకా మూడుసార్లు విన్నాం. మూడోసారికి పూతరేకులు అయిపోయాయి.

డెబ్భై దాటిన మనిషి నా కోసం వానలో వెళ్ళొచ్చారు. ఆదివారం లోలోపల విసుక్కున్నందుకు సిగ్గేసింది.

జులై 11, శుక్రవారం

మావయ్యగారూ నేనూ అశోక్ షాపుకి వెళ్ళాం. అశోక్ కొత్త బ్యాటరీ చూశాడు. పాతది చూశాడు. ఎదురుగా ఛాతీ విరుచుకుని నిలబడ్డ మావయ్యగారిని చూశాడు.

"మంచి సరుకే తెచ్చారండి మాస్టారూ. ఉంచి వెళ్ళండి."

హింజ్‌కి, హార్డ్‌డిస్క్‌కి ఆర్డర్ పెడతానన్నాడు. అంతా గాడిలో పడింది!

జులై 12, శనివారం

మధ్యాహ్నం అశోక్ ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మేడం, పక్కన మాస్టారున్నారాండి?"

"పడుకున్నారండి. ఏంటి సంగతి?"

"ఆ బ్యాటరీ మీదానికి పట్టదండి. వేరే మోడల్‌ది. పెద్దాయన ముఖం చూసి నిన్న చెప్పలేకపోయాను. రాజమండ్రి షాపాయనకి ఫోన్ చేశాను. ఆయనకీ తెలుసటండి! సరైనది స్టాకు లేదట. గురుపౌర్ణమి పూట వానలో తడుస్తూ మాస్టారొస్తే లేదని ఎలా పంపమంటారని నన్నే అడుగుతున్నాడండి."

"ఇప్పుడెలాగండి?"

"ఇవాళ ఆర్డర్ పెట్టినా మంగళవారానికి రాదండి. హింజూ అంతే. మాస్టారికి మీరే నెమ్మదిగా చెప్పండి మేడం."

"నేనెలా చెబుతానండీ?"

"ఆయ్, అదీ నిజమేలెండి."

సాయంత్రం లాప్‌టాప్ ఎలా వెళ్ళిందో అలాగే తెచ్చుకున్నాను.

జులై 13, ఆదివారం

ఇవాళ మావయ్యగారికి ఎందుకు చెప్పలేదంటే: పొద్దున్న ఆయన పూజలో ఉన్నారు. తర్వాత టిఫిన్ చేస్తున్నారు. తర్వాత ఆనందంగా ఉన్నారు.

"బ్యాటరీ ఎలా ఉందమ్మా?"

"బాగుందండి."

"ఎంతసేపు వస్తోంది?"

"చాలాసేపండి." ప్లగ్గు వైరుని కాలితో బల్ల కిందకి నెట్టాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడితో ఆగలేదు, జానకిరామ్‌కి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. అవతల జానకిరామ్ ఎంత నలిగిపోయాడో నేను ఊహించుకోగలను. లోపలికెళ్ళి నీళ్ళు తాగాను.

జులై 14, సోమవారం

రేపే. బ్యాటరీ లేదు, హింజ్ లేదు. ఇక మిగిలింది కరెంటు ఒక్కటే. ఇన్వర్టర్ ఉంది గానీ దాని మీద ఫ్యాన్లూ లైట్లే, ప్లగ్గులు పనిచేయవు.

మా ఆయనకి మాత్రం నిజం చెప్పాను. ఆయన కరెంటు ఆఫీసులో తెలిసినాయనకి ఫోన్ చేసి, రేపు పదకొండు నుంచి పన్నెండు దాకా లైను తియ్యొద్దని బతిమాలారు. "మీరింతగా చెప్పాక తీస్తామాండీ!" అన్నాడట ఆయన. హమ్మయ్య.

జులై 15, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన కాలేజీకి వెళ్ళిపోయారు. మూత నిలబడలేదు. బిందె ఆనించాను, జారింది. నిఘంటువు పెట్టాను, జారింది. "తప్పుకోమ్మా" అని మావయ్యగారు బల్ల వెనక నిలబడి రెండు చేతులతో మూత పట్టుకున్నారు. వైరు మీద ఎవరి కాలూ పడకుండా అత్తయ్యగారు ప్లగ్గు దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు.

పదకొండు. హైదరాబాద్ నుంచి ఒకావిడ, ఒకాయన ప్రత్యక్షం. పలకరింపులు. ఆవిడ కాసేపు పరీక్షగా చూసి, "మేడం, మీ కెమెరా పక్కన ఏవో వేళ్ళు కనిపిస్తున్నాయి" అంది.

"మా మావయ్యగారివండి."

పరిచయం అయింది కదా అని మావయ్యగారు నమస్కారం పెట్టారు. మూత నా చేతుల మీద పడింది.

మళ్ళీ లేపాం. లెక్క ఇచ్చారు. వంతెన దాటే రైలు లెక్క. ఒక పద్ధతిలో చేశాను. పిల్లవాడికి అర్థం కాకపోతే అన్నారు. బొమ్మ గీసి ఇంకో పద్ధతిలో చేశాను. వేళ్ళూ, వైరూ, పీటా అన్నీ మరిచిపోయాను. ఎంత బాగుందో! ఆవిడ నవ్వుతూ తల ఊపింది. ఆ తర్వాత అడిగింది: "షిఫ్టు రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు. ఓకేనా మేడం?"

మూత పైనుంచి మావయ్యగారు వద్దని తల అడ్డంగా ఊపుతున్నారు. ప్లగ్గు దగ్గర అత్తయ్యగారు ఒప్పుకోమని నిలువుగా ఊపుతున్నారు. నా నాలుక మీద 'అలాగేనండి' సిద్ధంగా ఉంది. రాత్రి తొమ్మిదికి నేను పక్కన లేకపోతే సహస్ర నిద్రపోదు. ఎవరి వైపూ చూడలేదు.

"రాత్రి కుదరదండి. పగలైతే చేస్తాను."

నేనే అన్నాను! ఆ మాట పూర్తయిందో లేదో, స్క్రీన్ నల్లబడింది. కరెంటు పోయింది.

విన్నారా, వినలేదా? ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

మావయ్యగారు ఇంకా మూత పట్టుకునే ఉన్నారు. "అదేంటమ్మా, బ్యాటరీ ఉందిగా?"

"ఆ బ్యాటరీ దీనికి పట్టదండి మావయ్యగారూ. వేరే మోడల్‌ది."

ఆయన మూత నెమ్మదిగా దించారు. అత్తయ్యగారి వైపు చూసి, నా వైపు చూసి, కుర్చీలో కూర్చున్నారు.

"నాకు తెలుసమ్మా. ఆ రోజే బస్సులో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నంబర్లు వేరు. దిగి వెనక్కెళ్ళి వాడికి చెప్పడానికి మనసొప్పలేదు. అంత సంబరంగా ఇచ్చాడు. అశోకేమో మంచి సరుకన్నాడు. నువ్వేమో బాగుందన్నావు. పోనీ, ఎలాగో సర్దుకుందేమో అనుకున్నాను."

అత్తయ్యగారికి ముందు నవ్వొచ్చింది. తర్వాత మావయ్యగారికి. నేనూ నవ్వడం మొదలుపెట్టాను గానీ మధ్యలో ఏడుపొచ్చింది. ఒక్క ముక్క మా అందరికీ తెలుసు. ఒక్కరమూ చెప్పలేదు. ఆ మర్యాదకి నా ఉద్యోగం పోయింది.

సాయంత్రం మా ఆయన కరెంటు ఆఫీసాయనకి ఫోన్ చేశారు. "పదిన్నరకే తియ్యాలండీ. మీరు చెప్పారనే పదకొండున్నర దాకా ఆపాం" అన్నాడట.

జులై 17, గురువారం

మెయిల్ వచ్చింది! నాలుగుసార్లు చదివాను. పగటి షిఫ్టు ఇస్తారట, ఉదయం పది నుంచి రెండు. ఆగస్టు ఒకటిన చేరాలి. నా మాట విన్నారు!

షరతు: లాప్‌టాప్ మంచి స్థితిలో ఉండాలి. మూత పట్టుకునే మనిషి ఉండకూడదని రాయలేదు గానీ, నేను అర్థం చేసుకున్నాను.

కొత్త తీర్మానం. పాతదాన్నే బాగుచేయించడం. సరైన బ్యాటరీ, హింజ్, హార్డ్‌డిస్క్. రేపు పొద్దున్నే అశోక్ దగ్గరికి వెళ్తాను. ఒక్కదాన్నే. ఎవర్నీ అడగను!

"రేపు అష్టమి కదమ్మా" అన్నారు అత్తయ్యగారు.

"పర్లేదండి, వెళ్తాను." మాట తడబడలేదు.

సాయంత్రం చూస్తే గుమ్మం పక్కన రెండు గొడుగులు ఆనించి ఉన్నాయి. ఒకటి నాది. రెండోది మావయ్యగారిది. దాని పక్కనే ఆయన చెప్పులు, తుడిచి పెట్టి ఉన్నాయి.

ఆయన గొడుగు తీసుకెళ్ళి లోపల తలుపు వెనక తగిలించాను.

మావయ్యగారు పేపర్ దించి చూశారు. లేచి గదిలోకి వెళ్ళి, తువ్వాల్లో చుట్టిన పాత బ్యాటరీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నంబరు చూసి కొనమ్మా" అన్నారు. "ఎంత మంచివాడు ఇచ్చినా సరే."