మా ఆవిడకు మంజూరైన సెలవు

జనన మరణాల నమోదు అధికారి గారికి,

నమస్కారం. మంగళవారం ఉదయం నా భార్య ఎప్పటిలాగే ఆరింటికి లేచింది. ఎడమ చెయ్యి తిమ్మిరిగా ఉందంది. సెలవు పెట్టమన్నాను. "లైనులో జనం ఉంటారండీ" అంది. ఏడున్నరకు ఆసుపత్రిలో చేర్చాను. పదకొండూ పదికి అయిపోయింది.

మీ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లు మరణ పత్రాలు రాసింది ఆమే. ఏ ఇంటివాళ్లనూ మూడో రోజు దాటి తిప్పుకోలేదు. ఆమె పత్రం కూడా అలాగే ఇప్పించగలరు. ఆసుపత్రి చీటీ జత చేశాను.

ఇట్లు,
ఆమె భర్త


అన్నయ్యగారికి,

కొత్తగా వచ్చిన అధికారిని. మీ ఉత్తరం సగం చదివేసరికి అక్కయ్యగారికి ఒంట్లో బాగాలేదని తెలిసి మనసు కలుక్కుమంది. వెంటనే పదిహేను రోజులు సెలవు మంజూరు చేశాను. నిశ్చింతగా ఉండమనండి.

ఉంటాను,
అధికారి

తా.క.: సంతకం ఎక్కడ పెట్టాలో తెలియక మూడు చోట్ల పెట్టాను. మిగతా సగం ఉత్తరం టీ తాగి చదువుతాను.


అధికారి గారికి,

ఆమె చనిపోయింది. సెలవు అక్కర్లేదు. మిగతా సగం చదవగలరు. ఇవాళ ఆరో రోజు.

ఇట్లు,
ఆమె భర్త

తా.క.: త్వరగా కోలుకోవాలంటూ ఆఫీసు పంపిన పూలగుత్తి తిప్పి పంపుతున్నాను.


అన్నయ్యగారికి,

చదివాను. తప్పు నాదే, క్షమించండి.

పత్రం ఇవ్వాలంటే ముందు రిజిస్టరులో ఎక్కించాలట. ఎక్కించాల్సింది అక్కయ్యగారట. అందుకని మీ దరఖాస్తు ఆమె బల్ల మీద పెట్టించాను. మూడు రోజులైనా కదల్లేదు. జాప్యానికి సంజాయిషీ అడగడం రూలని అటెండరు చెప్తే, ఆమెకు మెమో పంపాను.

నన్నేం చెయ్యమంటారు? నేను పెళ్లిళ్లకు టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చుకునేవాణ్ణి. బావ మంత్రి అయ్యాక "నువ్వు ఊరికే కూర్చుంటే చాల్రా" అన్నాడు. కూర్చుంటున్నాను. ఇక్కడి గుమస్తాల్లో ఒకడు బావ డ్రైవరు తమ్ముడు, ఇంకొకావిడ మా వదిన చిన్నమ్మ. రిజిస్టరు ఎక్కడుందని అడిగితే, ఇద్దరూ నా మొహమే చూస్తారు.

ఉంటాను,
అధికారి

తా.క.: మెమో అందినట్టు అక్కయ్యగారు ఒక్క సంతకం పెడితే ఫైలు మూసేస్తాం.


అధికారి గారికి,

సంతకం రాదు.

నిన్న మీ ఆఫీసుకు వచ్చాను. లైను గేటు దాటి రోడ్డెక్కింది. నా ముందున్న ఆవిడ, "ఆ కళ్లద్దాల మేడమ్ సెలవులో ఉన్నారా బాబూ?" అని అడిగింది. ఆ సెలవు మంజూరైన ఉత్తరువు నా జేబులోనే ఉంది. మూడింటికి కిటికీ మూసేశారు.

రిజిస్టరు కిటికీ పక్క బీరువాలో, రెండో అరలో, పాత జనన పత్రాల కింద ఉంటుంది. పైకప్పు కారుతుందని అక్కడ పెట్టేది. పని మిగిలితే ఇంటికి తెచ్చుకునేది. చీటీలు నేను చదివేవాణ్ణి, ఆమె ఎక్కించేది.

ఇట్లు,
ఆమె భర్త

తా.క.: ఆ బీరువా తలుపు కాస్త పైకెత్తి లాగాలి.


అన్నయ్యగారికి,

దొరికింది. ముగ్గురం చుట్టూ నిలబడి చూశాం. ఎక్కడ మొదలెట్టాలో ఒక్కరికీ తెలియలేదు. బావకు ఫోన్ చేసి, పని తెలిసిన మనిషి ఒకరున్నారని మీ గురించి చెప్పాను.

"ఎవరి తాలూకు?" అన్నాడు.

"మేడమ్‌గారి భర్త."

"అయితే ఇబ్బంది లేదు, వేసెయ్" అన్నాడు.

ఆమె పోస్టులో మిమ్మల్ని నియమించాను. ఉత్తరువు జత చేశాను.

ఉంటాను,
అధికారి

తా.క.: అర్హత అన్నచోట 'బంధువు' అని రాశాను. ఇక్కడ అందరికీ అదే ఉంది.


అధికారి గారికి,

ఉత్తరువు అందింది. ఇలా ఉద్యోగాల్లోకి వచ్చేవాళ్లను భోజనాల దగ్గర చాలాసార్లు తిట్టాను. "ముందు తినండి" అనేది ఆమె.

ఉద్యోగం వద్దు. ఒక్క రోజుకు వస్తాను. మీరు నా పక్కన కూర్చుని చూడండి. ఎల్లుండి నుంచి రాయాల్సింది మీరు.

అటెండరును అడిగాను. దరఖాస్తుల్లో ఆమెది నలభై ఒకటోది. ఆ కట్ట వరస మార్చవద్దు. రేపు ఉదయం తొమ్మిదింటికి వచ్చి ఆమె కుర్చీలో కూర్చుంటాను. ముందు ఆ నలభై మందివీ రాస్తాను. తర్వాత ఆమెది రాస్తాను.

ఇట్లు,
ఆమె భర్త