తల తిప్పి చూడనోళ్లు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. మన ఊరికొచ్చే కన్నడ పేపర్ను తెలుగులో చదివి చెప్పేటోళ్లు మన టీ అంగట్లో ఇప్పుడు ఎవురూ లేరు. అందరికీ ఫోన్లుండాయి.

నిన్న ఎవడో వీడియో పంపినాడు. పిడుగు పడి మన రాయచెర్లు ఊరి సోలార్ ప్యానెళ్లన్నీ కాలిపోయినాయంట. బెంచీ మీద కూర్చున్నోళ్లంతా అయ్యయ్యో అంటా తెలిసినోళ్లందరికీ పంపినారు. ఆ ప్యానెళ్లు వాళ్ల వీపు వెనకే ఉండాయి నాయనా! ఒక్కడన్నా తల తిప్పితే ఒట్టు.

మన ఊరి సంగతి పేపర్లో వస్తే, నువ్వు పోయి కండ్లారా చూసొచ్చినాకనే అందరికీ చదువుతాంటివి. నాకూ ఆ బుద్ధే వచ్చింది. పొయ్యి ఆర్పేసి ప్యానెళ్ల కంచె దాకా పోయి చూసొచ్చినా.

"ఏమీ కాలేదప్పా, అన్నీ బాగుండాయి" అని చెప్పినా.

"నీ వీడియో యాడ?" అన్నారు.