ఏ పచ్చ?

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున సమాధి దగ్గరికి వెళ్లి వచ్చాక నీ బొమ్మల పెట్టె తీశాను.

అవి బెంగళూరులో పనిచేసేటప్పుడు నువ్వు తెచ్చిన వేలెడంత సైనికులు. వాటిని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడేవాళ్లం. లారీలకు రంగులేసే చోట మిగిలిన నాలుగు డబ్బాలే మనకు రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు. ఇంకోటి కొందామంటే ఒప్పుకునేవాడివి కాదు.

"పసుపులో రవ్వంత నలుపు కలిపితే ఆకుపచ్చ వస్తాది మే, ఇంగో డబ్బా ఏంటికి?"

నా సైన్యం జెండా ఎరుపు. నీ జెండాకు తెల్లపూత ఒక్కటే వేసి ఉంది. ఆసుపత్రి నుంచి ఎదురింటి ఫోనుకు చేసి, "నా జెండాకు పచ్చ ఎయ్ మే, నేనొచ్చి నిన్ను ఓడిస్తా" అన్నావు. సరేనన్నాను. ఫోను పెట్టేశాకే అనుమానం వచ్చింది. మన మాటలో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. నువ్వు వచ్చాక అడుగుదామనుకున్నాను.

ఏడాదిగా నీ సైన్యం తెల్లజెండా పట్టుకుని నిలబడింది, ఓటమి ఒప్పుకున్నట్టు. నువ్వు ఒక్క ఆటలోనూ ఒప్పుకున్నవాడివి కాదు.

కుంచె పట్టుకుని కూర్చుంటే అమ్మ వచ్చింది. "యా పచ్చైతే ఏముండాది మే? వాడేమన్నా వచ్చి చూస్తాడా?" అని, మొహం తిప్పుకుని, బల్ల మీద పాత పేపరు పరిచింది.

పసుపే వేశాను. ఆకుపచ్చకు నలుపు ఎంత కలపాలో నాకెప్పుడూ తెలియలేదు.

తప్పయితే వచ్చి తిట్టు అన్నా.